గేదెల డాక్టరు చెప్పిన అబద్ధం

నా పదవీ విరమణకు పదకొండు నెలలు ఉందనగా, కృష్ణకు వరద వచ్చిన సెప్టెంబరు మొదటి వారంలో, ఉయ్యూరు అవతల ఏటి ఒడ్డునున్న ఒక ఊరి హైస్కూల్లోని పునరావాస కేంద్రానికి నన్ను ‘మనోధైర్య అధికారి’గా నియమిస్తూ ఉత్తర్వు వచ్చింది. అప్పటికి నేను పామర్రు ప్రాంతంలో పశుసంవర్ధక శాఖ అసిస్టెంట్ డైరెక్టర్ని. అంటే చుట్టుపక్కల పశువైద్యశాలల మీద అజమాయిషీ చేసే పెద్ద డాక్టర్ని. పైవాళ్లు డాక్టర్ల జాబితా అడిగారు. జాబితాలో నా పేరు ముందు డాక్టర్ అని ఉంది. ఎవరికి డాక్టరో చూసే తీరిక వరదల్లో ఎవరికుంటుంది?

ఉత్తర్వు పంపిన ఆఫీసుకు ఫోన్ చేసి సంగతి చెబితే, “పర్లేదు సార్, మీరూ డాక్టరే కదా, వెళ్లండి” అన్నారు. మా ఆవిడ పగలబడి నవ్వింది. ముప్ఫై నాలుగేళ్లుగా ఇంట్లో పూటకి మూడు మాటలు మాట్లాడని మనిషి ఊరివాళ్లని ఓదారుస్తాడట అని పక్కింటావిడకి కూడా చెప్పింది.

శిక్షణ ఫోన్లోనే రెండు గంటలు సాగింది. చివర్లో ఒక కార్డు పంపించారు. ముందువైపు చూడాలి, వినాలి, సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పాలి అని ఉంది. వెనకవైపు రెండు హెచ్చరికలు: జరిగినదాన్ని పదే పదే చెప్పించవద్దు, నిజం కాని భరోసా ఇవ్వవద్దు. రెండో హెచ్చరికను నేను బట్టీ పట్టాను. తప్పింది కూడా దాన్నే.

కేంద్రంలో నాకు అప్పగించిన మొదటి మనిషి శివనాగరాజు. నలభై అయిదేళ్ల పాడిరైతు. ఏడో తరగతి గదిలో గోడకేసి తిరిగి కూర్చున్నాడు, రెండు రోజులుగా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. సంగతంతా భార్య మల్లేశ్వరి చెప్పింది. నీళ్లు వాకిట్లోకి వస్తుంటే అందరినీ ట్రాక్టర్ మీద ఎక్కించి స్కూలుకు తెచ్చాడు. అరగంటలో వచ్చి గేదెల్ని తోలుకొస్తానన్నాడు. వెనక్కి వెళ్లేసరికి దారి తెగిపోయింది. పాకలో కట్టేసిన మూడు గేదెలు కట్టుగొయ్యల దగ్గరే చనిపోయాయి.

ఇక పరామర్శకు వచ్చేవాళ్ల సంగతి. మన వైపు పరామర్శ అంటే ఎదురుగా నిలబడి, ఎలా జరిగిందో మొదటినుంచీ చెప్పించుకుని, చివరికి ఏం చేసి ఉండాల్సిందో చెప్పి వెళ్లడం. “పలుపులన్నా విప్పాల్సింది గదయ్యా!” అని వచ్చిన ప్రతివాడూ అన్నాడు. నేను చూస్తుండగానే ఎనిమిది మంది అన్నారు. తొమ్మిదో ఆయన గుమ్మంలోకి రాగానే, ఈ గదిలో అందరికీ ఇంజెక్షన్లు వేస్తున్నామని ప్రకటించాను. అంతే, వరండా ఖాళీ. నా సర్వీసులో అంత త్వరగా ఫలించిన వైద్యం మరొకటి లేదు.

ఆ ఉత్సాహంలోనే తప్పు చేశాను. శివనాగరాజు పక్కన కూర్చుని, విప్పినా అవి బతికేవి కావనీ, అంత ఉరవడిలో గేదె నిలవదనీ, పశువైద్యుడిగా చెబుతున్నాననీ అన్నాను.

ఆయన మొదటిసారి తలెత్తి నన్ను చూశాడు.

“గేదెకి ఈదటం రాదా డాక్టరు గారూ? మా నల్లది దూడప్పట్నించీ ఏరు దాటి లంకలో మేసొచ్చేది. మీరసలు గేదెల డాక్టరేనాండీ?”

మళ్లీ గోడకేసి తిరిగాడు. ఆ మధ్యాహ్నం నుంచి మంచినీళ్లు కూడా పక్కకు నెట్టేశాడు. మనుషుల డాక్టరమ్మ వచ్చి నాడి చూసి, రేపటికీ ఇలాగే ఉంటే విజయవాడ ఆసుపత్రికి పంపక తప్పదంది. మల్లేశ్వరి ఆ గ్లాసు తీసి మళ్లీ ఆయన ముందు పెట్టింది. నిజంగా సిగ్గుపడ్డాను.

మర్నాడు ఉదయమే వెళ్లి కింద చాప మీద కూర్చున్నాను. నిన్న చెప్పింది అబద్ధమని, విప్పి ఉంటే అవి ఈది బయటపడే అవకాశం ఉందని, అది నాకూ తెలుసునని చెప్పాను. క్షమించమన్నాను. ఆ తరువాత ఏం చెయ్యాలో కార్డులో లేదు. సంచీలో చనిపోయిన పశువులను ధ్రువీకరించే ఫారాలు ఉంటే బయటికి తీసి, నా పేరు, హోదా నింపుతూ కూర్చున్నాను. పశువులు తమ బాధ చెప్పుకోలేవు. పక్కన నిలబడి చూస్తూ ఉండాల్సిందే. ముప్ఫై నాలుగేళ్లు చేసిన పని అదే, ఒక్కరోజు మనుషుల డాక్టరునయ్యేసరికి మర్చిపోయాను.

మూడో ఫారంలో నా పేరు రాస్తుండగా ఆయనే అన్నాడు.

“విప్పుదామనే చెయ్యేశానండీ. వానకి బెదిరి ఎవరి చెరుకు తోటలోనన్నా పడతాయేమోనని... ఇంకో ముడేసి బిగించానండీ.”

ఈ సంగతి మల్లేశ్వరికి కూడా తెలియదు. అందరూ ఆయన మరిచిపోయాడనుకుంటున్నారు. పెద్దగా ఏడ్చాడు.

ఏడుపు ఆగాక, నల్లదాని కొమ్ములు ఎలా ఉండేవని అడిగాను. ఫారంలో ఆ గడి ఉంటుంది. కొమ్ముల తీరు, పళ్లు, చెవికి వేసిన బిళ్ల నంబరు, గుర్తులు. “మెలి తిరిగుండేయండీ. తోక కుచ్చు తెలుపు, అది కూడా రాయండి” అన్నాడు. ఎప్పుడు ఈనింది, ఎవరు దగ్గరికొస్తే తన్నేది, ఎవరు పితికితే పాలు చేపేది, అన్నీ చెప్పాడు. గడిలో పట్టనివి ఫారం వెనక రాశాను. పది నిమిషాల్లో అయ్యే మూడు ఫారాలకు పూటంతా పట్టింది. అయ్యాక మంచినీళ్లడిగాడు. తరువాత సగం పులిహోర పొట్లం తిని, ఉప్పు లేదన్నాడు. వంటవాడికి కోపం వచ్చింది గాని మల్లేశ్వరి ముఖం చూస్తే నాకు ప్రాణం లేచివచ్చింది.

రోజువారీ నివేదికలో ‘అందించిన కౌన్సెలింగ్’ అని ఒక గడి ఉంది. ‘అబద్ధం చెప్పినందుకు క్షమాపణ కోరడమైనది’ అని రాశాను. పదిహేను రోజులకు సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. జవాబివ్వకుండానే రిటైరయ్యాను.

బాధలో ఉన్న మనిషికి తన సంగతి మనకన్నా బాగా తెలుసు. మనం తేలికపడటం కోసం చెప్పే మాట అతనికి బరువవుతుంది. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే.

మరుసటి ఏడు ఆ ఊరు వెళ్లినప్పుడు శివనాగరాజు పాకలో కొత్త గేదె ఉంది. అలవాటు కొద్దీ పలుపు చూశాను. జారుముడి. ఒక్క లాగు లాగితే ఊడి వస్తుంది.