నలభై ఒకటో ఏట చంద్రి

మరిపెడకు ఆరు కిలోమీటర్ల దూరంలోని తండాకు చంద్రి ఆశా కార్యకర్త. పదిహేనేళ్లుగా అదే పని. ఎవరికి నెల తప్పిందో మొగుడికంటే ముందు చంద్రికే తెలుస్తుందని తండాలో ఒక మాట. నోరు మంచిది కాదు. రక్తం పట్టడానికి ఇచ్చే గోలీలు మింగకుండా బియ్యం డబ్బాలో దాచే వాళ్లను నలుగురిలో నిలబెట్టి కడిగేసేది. ఆమె చేత తిట్లు తినకుండా ఆ తండాలో ఎవరూ బిడ్డను కనలేదు.

అంత మనిషికి తన సంగతే తెలియలేదు.

ఎండాకాలం మొదట్లో ముట్టు ఆగింది. వయసు నలభై ఒకటి. ఆమె ఈడు ఆడవాళ్లలో సగం మంది ఎప్పుడో గర్భసంచి తీయించుకున్నారు. ఇక తనకూ అయిపోయింది, పీడ పోయింది అనుకుంది. కడుపు ఉబ్బితే గ్యాస్ అనుకుంది. కూతురు నవ్య తర్వాత రెండు కడుపులు నిలవలేదు. ఆపైన పదిహేడేళ్లు ఏమీ లేదు. ఇంకెక్కడి పిల్లలని పిల్లల ఆపరేషన్ కూడా చేయించుకోలేదు. భుజాన వేలాడే సంచిలో గర్భం చూసే కిట్లు ఎప్పుడూ నాలుగైదు ఉండేవి. ఒక్కటి తనకోసం తీయాలని తోచలేదు.

విత్తనాలు పడే రోజుల్లో రజిత అనే కొత్త కోడలు నెల తప్పిందని పిలిచింది. చూసి లేస్తుంటే, ఆ పిల్ల చంద్రిని పైనుంచి కిందికి చూసింది.

"అక్కా, నాకంటె నీదే ఎత్తుగున్నదేందే?"

"తిండెక్కువైంది పో."

"తిండి గిట్ల కిందికి దిగదక్కా. ఇంకో కిట్టుంటె నువ్వు గూడ చూస్కోరాదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఇంటికెళ్లి చూసుకుంటే నిమిషం కాకముందే రెండు గీతలు తేలాయి. చంద్రి వాటి వంక కాసేపు చూసింది. లేచి పొయ్యి మీద పప్పు కలిపింది. సంతోషం రాలేదు, భయం రాలేదు. పప్పులో ఉప్పు వేశానా లేదా అన్న ఒక్క అనుమానం వచ్చింది.

ఐదో నెల నిండిందని స్కానింగులో తేలింది. తీయించుకునే గడువు దాటిందన్నారు. హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేసే మొగుడు ప్రేమ్‌సింగ్ ఫోన్‌లో "నిజమేనా?" అని మూడుసార్లు అడిగాడు. అత్త గంగి మాత్రం, "మనుమరాళ్లను ఎత్తుకునే ఈడుల ఇదేం కడుపే? సరె, వచ్చినదాన్ని ఎల్లగొడ్తమా" అని గోంగూర తెంపుకొచ్చింది. నవ్య జనగామలో డిగ్రీ చదువుతోంది. "యాడీ, నా దోస్తులకు ఏమని చెప్పాలె? నాకు చెల్లె పుడతదనా?" అని తల్లిని నిలదీసి ఫోన్ పెట్టేసింది. శ్రావణంలో తీజ్ పండుగకు తండా ఆడపిల్లలంతా వచ్చారు. నవ్య రాలేదు.

మానుకోట దవాఖానలో మళ్లీ స్కానింగు. తెర మీద ఎరుపు, నీలం రంగులు కదులుతున్నాయి. డాక్టరమ్మ చాలాసేపు చూసి అడిగింది.

"మీకు మిరపతోట ఉన్నదా?"

"ఎకరముంది మేడమ్."

"డ్రిప్పు పైపుల ఉప్పు పేరుకుంటె?"

"చివరి చెట్లకు నీళ్లందయ్."

"గంతే. కడుపొచ్చినంక గర్భసంచికి పోయే రక్తనాళాలు సాగి వెడల్పు కావాలె. నీయి కాలే. వయసు మీద పడ్డకొద్ది బిరుసెక్కుతయ్. అందరికి గిట్ల గాదు, నీకైంది. బీపీ గూడ పెరగొచ్చు. మూడో నెలల్నే రక్తం పల్చబడే గోలి మొదలువెడితె బాగుండు. ఇప్పుడు ఇస్త, గని ఆలస్యమైంది. నువ్వు ఆశావే గదా?"

"అవ్ మేడమ్."

డాక్టరమ్మ చీటీ రాసి ఇచ్చింది. ఆ మాట చంద్రికి తగల్లేదు.

ఏడో నెల నుంచి రోజూ పొద్దున అన్నం తిన్నాక ఎడమపక్కకు తిరిగి పడుకుని కదలికలు లెక్కపెట్టేది. రెండు గంటల్లో పది రావాలి. ఎవరి బిడ్డనో లెక్కపెట్టినట్టు తన పుస్తకంలో అంకె వేసి మూసేది. పన్నెండు. పదకొండు. పది. పత్తికాయలు పగిలే రోజుల్లో ఒక మంగళవారం ఆరు వచ్చాయి. బుధవారం మూడు. బుధవారం టీకాల రోజు. మూడు అని రాసి అంగన్‌వాడీకి వెళ్లింది.

సూది కోసం వచ్చిన రజిత తన పేరు వెతుక్కుంటూ ఆ పుస్తకం తిప్పింది.

"అక్కా, గీ మూడేంది?"

"గది నాది. నీ పేజీ ఎన్కకున్నది."

"పది రాకుంటె ఆటో కోసం గూడ ఆగొద్దు, ఉరకాలె అని తండంత మొత్తుకుంటవ్. నీకైతె లెక్క లేదా?"

"ఇంక పన్నెండు మంది పిల్లలున్నరే."

"సూదులేసే సిస్టరమ్మ ఉన్నది గదా! నువ్వు సస్తె టీకాలు ఆగుతయా? లెవ్వే!"

చంద్రి లేచింది. లేవమన్నారు కాబట్టి లేచింది. రజితే ఆటో పిలిచి, పక్కన కూర్చుంది. దారి పొడుగునా తిట్టింది.

గుండె కొట్టుకునే రెండు దెబ్బల మధ్య బిడ్డకు వెళ్లే రక్తం ఆగిపోతోందని డాక్టరమ్మ చెప్పింది. "లోపలుంటె బతకదు. తీస్తె బతకొచ్చు, చెప్పలేను." చంద్రి సంతకం పెట్టింది. సాయంత్రానికి ఆడపిల్ల. కిలో మీద ఇరవై గ్రాములు. ఏడవలేదు. అద్దాల పెట్టెలో పెట్టి, ముక్కుకు గొట్టం తగిలించారు.

రెండు రోజులు చంద్రి గోడకేసి చూస్తూ పడుకుంది. పాపను చూస్తావా అంటే, కుట్లు నొస్తున్నాయంది. జనగామ నుంచి నవ్య వచ్చింది. పాపను చూసొచ్చి తల్లి మీది దుప్పటి సర్దింది. "చేతులు నా బొటనేలంత ఉన్నయ్ యాడీ" అంది.

మూడో రోజు పొద్దున నర్సు చిన్న గిన్నె తెచ్చింది. "పాలు పిండియ్యి. గొట్టంతోని పోస్తం."

రొమ్ము పట్టుకుని అరగంట పిండితే గిన్నె అడుగు తడిసింది, అంతే. పచ్చగా, చిక్కగా నాలుగు చుక్కలు. నర్సు దాన్ని సిరంజిలోకి లాగి, లోపలికి పోయింది. చంద్రి తలుపు వైపు చూస్తూ కూర్చుంది. నర్సు తిరిగొచ్చేదాకా చూపు తిప్పలేదు.

"కక్కిందా?"

పురుడైనప్పటి నుంచి బిడ్డ గురించి ఆమె అడిగిన మొదటి మాట అది.

"లే. ఉంచుకున్నది."

చంద్రి గిన్నె కోసం చెయ్యి చాపింది. రెండో రొమ్ము పట్టుకుంది.