మామగారి ముక్కు

మామగారు మనిషిని ముందు ముక్కుతో చూసేవారు. కళ్ళతో చూడడం ఆ తర్వాత, అదీ ముక్కు ఒప్పుకుంటేనే.

ఈ సంగతి కొత్తల్లుడికి ఎవరూ చెప్పలేదు. పెళ్ళయ్యాక మొదటిసారి వస్తున్నాడు కదా, దండిగా సెంటు కొట్టుకుని గుమ్మం ఎక్కబోయాడు. మామగారు చెయ్యి అడ్డం పెట్టి, మెడ దగ్గరికి వంగి గట్టిగా పీల్చారు.

"సెంటు. తలకి వాసన నూనె. దార్లో బండికి పెట్రోలు కూడా పోయించుకున్నారు. అవునా బాబూ?"

అల్లుడు తన చొక్కా తనే వాసన చూసుకున్నాడు.

"పెరటి పంపు దగ్గర స్నానం చేసి రండి. సెంటు సీసా ఇలా ఇవ్వండి, తర్వాత ఇస్తాను."

"ఆ తర్వాత ఈ జన్మలో రాదు నాయనా," అన్నారు లోపల్నుంచి అత్తగారు. "పెళ్ళినాటి నా పౌడరు డబ్బా ఇంకా ఆ 'తర్వాత'లోనే ఉంది."

మామగారిది నీళ్ళ పరీక్ష ఉద్యోగం. వీధి చివర మూతపడ్డ బంకులో, భూమిలో పాతిన ట్యాంకు చిల్లుపడి పెట్రోలు బావుల్లోకి ఊరింది. మట్టిలో ఉండే సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి. వాటికి కింద గాలి అందించి, ఎంత తిన్నాయో, ఎన్ని పెరిగాయో నీళ్ళు తోడి చూడడం ఆయన పని. తోడేవాడి ఒంటి సెంటు రవ్వంత సీసాలోకి దూరినా ఫలితం తారుమారవుతుందని ఆయన బెంగ. అందుకే ఆ ఇంట్లో దోమల మందు కూడా నిషేధం. దోమలకది పుట్టిల్లు. కూతురి పెళ్ళి ఫొటోల్లో ఆయన అందరితో తగాదా పడ్డట్టు ఓ మూల నిలబడి ఉంటారు. మర్నాడు నీళ్ళు తోడాలట.

రెండోరోజు నీళ్ళు తోడడానికి అల్లుణ్ణి కూడా తీసుకెళ్ళారు, ఇంకోసారి వాసన చూశాకే. అది ఆ వీధిలోనే బట్టలుతికే కొట్టు నడిపే లాండ్రీ అక్క పెరటి బావి. మూతకు సీలు. ఈసారి నీళ్ళు బాగుంటే సీలు తీస్తారు, లేకపోతే అక్క కొట్టు ఎత్తేసి వెళ్ళిపోవాల్సిందే. పాపం ఆమె, బావి చుట్టూ మామగారు గీసిన సుద్దగీతకు అవతల నిలబడి ఉంది.

"సబ్బు మనిషిని కదా బాబూ, గీత దాటనివ్వరు. నా బావి నాకే పరాయిది."

"మీకు కోపం రాదా?"

"మొదట్లో వచ్చింది. మరి బావి మూసినప్పటినుంచి పొద్దున్నే సైకిలుకి క్యాన్లు కట్టుకొచ్చి నీళ్ళు పోస్తోంది ఎవరనుకున్నారు?"

అల్లుడు మామగారి వంక చూశాడు. పొద్దుటి ఆ సైకిలు ప్రయాణాన్ని అత్తగారితో ఆయన చెప్పేది 'షికారు' అని.

ఫలితం వచ్చిన రోజు మామగారు మొహం వేలాడేసుకుని వచ్చి భోజనానికి కూర్చున్నారు.

"మావాళ్ళు పస్తులు. చాలామంది పోయారు."

అల్లుడి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఎవరు మావయ్యగారూ?"

"సూక్ష్మజీవులు బాబూ. బావిలో పెట్రోలు అయిపోయింది. ఏం తిని బతుకుతారు?"

"మీ మొహం చూసి గుండాగిపోయింది," అన్నారు అత్తగారు. "అంటే నీళ్ళు బాగున్నట్టేగా?"

"బ్రహ్మాండంగా ఉన్నాయి. కానీ ఇన్నాళ్ళూ మనకి చాకిరీ చేశారు కదే."

సీలు తీసిన రోజు అటక మీది ట్రంకుపెట్టె దిగింది. 'తర్వాత' అంతా అందులోనే ఉంది. సబ్బులు, క్రీములు, పౌడర్లు, ఎవరివి వాళ్ళకి పంచారు. ఎవరూ అడగని సబ్బులన్నీ లాండ్రీ అక్కకు మూటగట్టి, సుద్దగీత తన చెప్పుతో తనే చెరిపారు.

సెంటు సీసా తిరిగిచ్చేటప్పుడు అల్లుడికెందుకో అనుమానం వచ్చింది. సీసా సగమైంది. వంగి మామగారి మెడ దగ్గర గట్టిగా పీల్చాడు.

"మావయ్యగారూ, పెరటి పంపు దగ్గర స్నానం చేసి రండి."