మా వదిన కాపాడిన నిశ్శబ్దం

మా వదినకు ముక్కు మీద కోపం. ఈ మాట నేననడం కాదు, ఆవిడే చెప్పుకుంటుంది. నేను పెళ్ళయి ఈ ఇంట్లో అడుగుపెట్టిన కొత్తల్లో ఆవిడ గదిలో దుమ్ము దులుపుతూ, పక్కన మోగుతున్న రేడియోని చూసి, "ఈ పిల్లుల పోట్లాట ఏంటి వదినా, స్టేషన్ సరిగ్గా తగలట్లేదా?" అన్నాను. ఆవిడ చూసిన చూపుకి నా చేతిలో గుడ్డ జారి కింద పడింది.

"పిల్లులు కాదమ్మాయ్, వయొలిన్లు. రాసినాయన బతికే ఉన్నాడు. కావాలంటే పిలిపిస్తాను, ఆ ముక్కేదో ఆయన మొహం మీదే అను" అంది.

వదిన అంటే మావారి అక్క. పెళ్ళి చేసుకోలేదు. "మా అక్క రేడియోని కట్టుకుంది, బావ రోజూ మాట్లాడుతూనే ఉంటాడు కానీ ఒక్క మాటా అర్థం కాదు" అని మావారి ఎగతాళి. ఇంటి కింద మాకు కర్టెన్లు కుట్టే కొట్టు ఉంది. నేను కుడతాను, మావారు కొలతలు తీసుకుని వెళ్ళి తగిలించి వస్తారు. పై అంతస్తులో వీధివైపు గది వదినది. పొద్దున్నే తల దువ్వుకుని రేడియో స్టేషన్‌కి వెళ్తుంది, సాయంత్రం చెవుల మీద హెడ్‌ఫోన్ వేసుకున్న చోట జుట్టు అణిగిపోయి తిరిగొస్తుంది. ఆ నొక్కు ఎంత లోతుగా ఉంటే ఆ రోజు అంత మంచి పని జరిగిందని నా లెక్క.

ఆవిడ పని ఏమిటో అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది. శాస్త్రీయ సంగీతం అంటే ఎప్పుడో పోయిన మహానుభావులు రాసి పెట్టి వెళ్ళిందే అనుకుంటాం మనం. ఇప్పటికీ దాన్ని కొత్తగా రాసేవాళ్ళు ఉన్నారని, వాళ్ళు మనలాగే బస్సుకోసం నిలబడతారని, అద్దె కడతారని ఎవరికి గుర్తుంటుంది? వాళ్ళని వెతికి పట్టుకోవడం, వాళ్ళు రాసినదాన్ని స్టూడియోలో వాయించి రికార్డు చేయించడం, వారానికొక గంట మన రేడియోలో వినిపించడం, వేరే దేశాల రేడియోలకు పంపడం, వాళ్ళు పంపింది ఇక్కడ వెయ్యడం, ఇదీ వదిన ఉద్యోగం. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఆ గంట మొదలవగానే మా వీధిలో సగం రేడియోలు వేరే స్టేషన్‌కి తిరిగిపోయేవి. మా కొట్టులోది మాత్రం తిరిగేది కాదు, తిప్పితే నా పని అయిపోతుంది కాబట్టి. అలా వినగా వినగా, నాకే తెలియకుండా, నా చెవులు మారిపోయాయి. కుట్టుమిషను తొక్కుతూ తొక్కుతూ కొన్నిచోట్ల కాలు ఆపేసేదాన్ని.

అలా కాలు ఆగిన వాటిలో ఒకటి "తల కింద చెయ్యి".

దాన్ని రాసింది ఒక బడిలో పిల్లలకు పాటలు నేర్పే ఆవిడ. మేమందరం పంతులమ్మ అనే అంటాం. ఆవిడ మాట మెత్తన, నడక మెత్తన, ఎదురుగా ఉన్నా ఉన్నట్టుండదు. ఆ పాటలో నాలుగు తీగవాద్యాలు, ఒక గొంతు. తల్లి బిడ్డని జోకొడుతుంది. బిడ్డ మారాం చేస్తుంది, వయొలిన్లు గింజుకుంటాయి. మెల్లగా మెల్లగా సద్దుమణుగుతుంది. బిడ్డ తల తల్లి చేతి మీదే ఉంది. ఇప్పుడు ఆ చెయ్యి తీసుకోవాలి. అక్కడ సంగీతం మొత్తం ఆగిపోతుంది. గొంతు లేదు, తీగ లేదు. తల్లి ఊపిరి బిగబట్టి వేలు తర్వాత వేలు వెనక్కి లాక్కునేంతసేపూ ఏమీ వినిపించదు. ఆ తర్వాత ఒకే ఒక్క వయొలిన్, అడుగుల చప్పుడు వినపడకుండా గది దాటిపోతున్నట్టు. బిడ్డని కన్నవాళ్ళకి, పెంచినవాళ్ళకి ఆ నిశ్శబ్దం ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

కానీ రేడియోకి ఎవరు చెప్తారు?

వాళ్ళ స్టేషన్‌లో ఒక యంత్రం ఉంది. ప్రసారంలో కాసేపు చప్పుడు రాకపోతే అది దానంతటదే ఒక వేణువు పాట అందుకుంటుంది. స్టేషన్‌లో దాన్ని కాపలాదారు అంటారు. అది రావడానికి కారణం ఒక పెద్దమనిషి. ఏళ్ళ కిందట డ్యూటీలో ఉన్న ఇంజనీరు బల్ల మీదే కునుకు తీశాడు, రేడియో మూగబోయింది. ప్రభుత్వం పడిపోయిందేమోనని జనం రోడ్ల మీదకొచ్చి గుంపులు కట్టారు. అప్పటినుంచి ఆయన పేరు కునుకు ఇంజనీరు, అప్పటినుంచే ఈ యంత్రం. వేణువు వినబడిందంటే ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు, రేడియోలో ఏదో తగలడిందని.

"తల కింద చెయ్యి" మొదటిసారి ప్రసారమైన రోజు వదిన జ్వరంతో ఇంట్లో పడుకుంది. పంతులమ్మ తన పిల్లలందరినీ బడిలో కూర్చోబెట్టి రేడియో పెట్టింది. తల్లి చెయ్యి తీసుకునే చోటు వచ్చింది. ఏమీ వినపడకపోయేసరికి కాపలాదారు మేలుకుని వేణువు ఎత్తుకున్నాడు. తియ్యటి వేణువు, పెళ్ళివిందులో వాయించేలాంటిది. దానికింద ఆ ఒంటరి వయొలిన్ ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియలేదు. వదిన దుప్పటి తన్నేసి ఒక్క గెంతులో లేచి కూర్చుంది. పుండు మీద కారం చల్లినట్టు, మర్నాడు స్టేషన్‌కి ఒకాయన ఫోన్ చేసి, "మీరు వేసేవాటిలో ఎప్పుడూ తలనొప్పే కానీ, నిన్నటి దాంట్లో ఆ వేణువు వచ్చిన చోటు మహా బాగుందండీ" అని మెచ్చుకున్నాడట.

పంతులమ్మ దెబ్బలాడలేదు. స్టేషన్‌కి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "నా పాటలో వేణువు లేదండీ" అని ఒక్క మాట అని వెళ్ళిపోయింది. తిట్టినా ఇంత బాధపడేదాన్ని కాదు అంది వదిన. ఆ రాత్రి ఆవిడ అన్నం ముట్టలేదు. ఈ పాటని చిల్లు పడకుండా, మన ఊరి రేడియోలో, మన ఊరివాళ్ళకి వినిపించేదాకా నిద్రపోనంది. వదిన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని మాకు తెలుసు కాబట్టి ఎవరమూ వాదించలేదు.

వదిన వెళ్ళి అడిగితే డైరెక్టరుగారు నవ్వేశారట. "కాపలాదారుని ఆపడం కుదరదు మేడమ్. ఆ నిశ్శబ్దాన్నే కాస్త కత్తిరించండి. ఊళ్ళో ఎవరికి తెలుస్తుంది?"

"రాసినావిడకి తెలుస్తుంది సర్" అని వచ్చేసింది వదిన.

ఏటా ఒకసారి దేశదేశాల రేడియోలవాళ్ళు ఒకచోట కలుస్తారు. ఒక్కొక్కరు తమ దేశంలో కొత్తగా రాసినవాటిని వెంట తెచ్చుకుంటారు. పొద్దుటినుంచి సాయంత్రందాకా ఒకే హాల్లో కూర్చుని అందరూ అందరివీ వింటారు. చివర్లో ఓట్లు వేసి కొన్నిటిని ఎంచుతారు. ఎంచినవాటిని వచ్చిన దేశాలన్నీ తమ రేడియోల్లో వెయ్యాలి, అదీ ఒప్పందం. వదిన ఎన్నో ఏళ్ళుగా వెళ్తోంది, మనది ఒక్కటీ ఎంపిక కాలేదు. ఈసారి సూటుకేసులో "తల కింద చెయ్యి" పెట్టుకుంది.

"అక్కా, అక్కడ కూడా వేణువు అడుగుతారేమో, ఒకటి కొనిపెట్టనా?" అన్నారు మావారు. సూటుకేసు తాళం ఆయన వీపు మీదకొచ్చింది.

అక్కడ ఏం జరిగిందో వచ్చాక చెప్పింది. హాల్లో వందమంది పైనే ఉన్నారట. నిశ్శబ్దం వచ్చినప్పుడు ఎవరూ కుర్చీలో కదల్లేదట. అయిపోయాక పక్కన కూర్చున్న ముసలావిడ, ఏ దేశమో, వదినకి ఆవిడ భాష రాదు, ఆవిడకి వదిన భాష రాదు, తన అరచెయ్యి బల్ల మీద వెల్లకిలా పెట్టి, మెల్లగా, చాలా మెల్లగా వెనక్కి తీసుకుని చూపించిందట. ఓట్లలో మన పంతులమ్మ పాటకే మొదటి స్థానం! నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. వచ్చిన ప్రతివాళ్ళకీ కర్టెన్ గుడ్డతో పాటు ఆ కబురూ కొలిచి ఇచ్చాను. అక్కడున్న ప్రతి రేడియోవాళ్ళనీ పట్టుకుని వదిన ఒకటే చెప్పిందట, "మీ దగ్గరా కాపలాదారులుంటారు. ఆ కాసేపు నిద్రపుచ్చండి" అని. అందరూ సరేనన్నారు, అన్నట్టే చేశారు. ఎవరి వేళకి వాళ్ళు వేస్తే, ఎక్కడెక్కడో వంటిళ్ళలో, కార్లలో, ఆ తల్లి చెయ్యి తీసుకుంది, బిడ్డ లేవలేదు.

మిగిలింది మన ఊరే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా వదినది తిరకాసు వ్యవహారం, ముందు రచ్చ గెలిచింది, ఇల్లు ఇంకా మొండికేసుకుని కూర్చుంది. డైరెక్టరుగారు లేచి నిలబడి అభినందించారు, స్వీట్లు పంచారు, మళ్ళీ పాత పాటే ఎత్తుకున్నారు.

"వెయ్యాల్సిందే మేడమ్, ఒప్పందం కదా. కాకపోతే ఆ మధ్యలోది కాస్త..."

"సర్, మొన్న పెద్దమనిషెవరో పోతే మౌనం పాటించాం. అప్పుడు కాపలాదారుని ఆపారా లేదా?"

"అది వేరు. అది ప్రత్యక్ష ప్రసారం. బాధ్యత తీసుకుని మనిషి కూర్చున్నాడు."

"పోయినవాళ్ళ కోసం ఆపిన యంత్రాన్ని పడుకున్న బిడ్డ కోసం ఆపలేమా? ప్రత్యక్షంగానే వాయిస్తాం. బాధ్యత నాది, నేనే కూర్చుంటాను."

ఆయన ఒప్పుకున్నారు కానీ ఒక మెలిక పెట్టారు. ఏ చిన్న తేడా వచ్చినా, రేడియో పాడైందని జనం ఫోన్లు చేసినా, వదిన చేసే ఆ వారంవారం గంట ఇక ఉండదు. వదిన ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పింది. పాతికేళ్ళు పెంచుకున్న గంట అది. ఒక్కడు దగ్గితే పోతుంది, ఒక్కడు ఫోన్ చేస్తే పోతుంది.

"వదినా, కత్తిరించెయ్యకూడదూ? పరాయి దేశాలన్నీ పూర్తిగా విన్నాయిగా" అన్నాను, పిరికిదాన్ని.

"పరాయివాళ్ళు విన్నారమ్మాయ్" అంది.

ప్రసారం రోజు సాయంత్రం వాయిద్యాలవాళ్ళతో, పాడే అమ్మాయితో, పంతులమ్మతో వదిన స్టూడియోలో ఉంది. మీటల ముందు ఎవరు కూర్చున్నారనుకున్నారు? సాక్షాత్తూ కునుకు ఇంజనీరే. తనే అడిగి వేయించుకున్నాడట ఆ డ్యూటీ. కాపలాదారు మీట దించి, దాని మీద చెయ్యి పెట్టుకుని, రెప్ప వెయ్యకుండా కూర్చున్నాడట.

ఇక్కడ కొట్టులో నేను మిషను ఆపేశాను. మావారు నిచ్చెన గోడకి ఆనించి వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చున్నారు. రేడియోలో వదిన గొంతు వచ్చింది. పాట ఏమిటో, రాసిందెవరో చెప్పి, "మధ్యలో తల్లి చెయ్యి తీసుకుంటుంది. మీ రేడియో బాగానే ఉంటుంది" అంది. అంతే. మొదలైంది. బిడ్డ గింజుకుంది, ఏడ్చింది, సద్దుమణిగింది.

ఆగింది.

సరిగ్గా అప్పుడే మా పక్క మందుల షాపావిడ కర్టెన్లకోసం గుమ్మంలోకొచ్చింది. మొదటినుంచీ విన్నదో లేదో తెలియదు. "ఏంటి, మీ రేడియో..." అని నోరు తెరిచింది. నేను లేచేలోపే మావారు చెయ్యెత్తారు. జీవితంలో అక్క పాటల్ని వెక్కిరించడం తప్ప ఎరగని మనిషి. పెదవులు కదిలీ కదలనట్టు, "ఉష్... చెయ్యి తీసుకుంటోంది" అన్నారు. ఆవిడ చెప్పులు గుమ్మం బయటే విడిచి, మునివేళ్ళ మీద లోపలికొచ్చి నిలబడింది. బయట వీధిలో కూడా ఏదో తేడాగా ఉంది. ఎదురింట్లోంచి, ఆ పక్కింట్లోంచి పాటలూ ప్రకటనలూ వినిపించడం లేదు. అన్ని కిటికీల్లోంచీ ఒకటే నిశ్శబ్దం వస్తోంది. వేరే స్టేషన్లకి తిరిగిపోయే రేడియోలన్నీ ఈరోజు ఇటే తిరిగి ఉన్నాయని అప్పుడు అర్థమైంది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. మా వదిన కదూ అని ఛాతీ ఉప్పొంగింది.

ఒక్క వయొలిన్ లేచింది. గది దాటింది.

"బిడ్డ లేచిందా?" అంది మందుల షాపావిడ గుసగుసగా.

"లేవలేదు" అన్నారు మావారు.

స్టేషన్‌కి రేడియో పాడైందని ఒక్క ఫోనూ రాలేదు. ఆ గంట ఈరోజుకీ నడుస్తోంది. కానీ అవన్నీ మర్నాడు తెలిసిన సంగతులు. ఆ సాయంత్రం వదిన ఇంటికొచ్చేసరికి వీధి దీపాలు వెలిగాయి. మనిషి వడిలిపోయి ఉంది, జుట్టు మీద నొక్కు ఎప్పుడూ లేనంత లోతుగా పడి ఉంది. గేటు తీసింది మావారు. వదిన లోపలికి రాకుండా అక్కడే నిలబడి తమ్ముడి మొహంలోకి చూసింది.

"విన్నారా?" అంది.

"విన్నాం అక్కా. మొత్తం విన్నాం. మధ్యలోది కూడా."