తెల్లకాగితం మీద అడ్డగీత

రాబర్ట్‌సన్‌పేటలో ఒక చిత్రకారుడి కొంపను ఒక్క గీతతో ముంచిన ఘనుణ్ణి నేనే. ఎలాగో చెబుతాను, మీరు కడుపారా నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ ఏడుపే వస్తుంది.

మా కోలారు బంగారు గనులు గవర్నమెంటు చేతికొచ్చిన తర్వాతి రోజులు. బళ్లో చరిత్ర పాఠాలు చెప్పే నేను, అర్ధసంవత్సర పరీక్షల పేపర్లు దిద్ది దిద్ది బతుకు మీదే విరక్తి పుట్టి ఉన్నాను. పిల్లలు రాసింది తక్కువ, వదిలేసింది ఎక్కువ. వదిలేసిన ప్రతి పేజీకీ ఎర్ర సిరాతో మూల నుంచి మూలకు అడ్డగీత కొట్టి, కింద సంతకం పెట్టాలి. తర్వాత ఎవరూ అందులో దొంగతనంగా ఏమీ రాయకుండా! సోమవారానికి కట్ట అప్పజెప్పకపోతే హెడ్మాస్టరు నన్నే కొట్టేసేలా ఉన్నాడు.

ఆ ఆదివారమే మా డ్రాయింగు మాస్టరు మునిరత్నం బజారు పక్క హాల్లో తన కొత్తరకం బొమ్మలు పెట్టాడు. బెంగళూరు నుంచి ఒక పెద్దాయన వచ్చి, నచ్చిన బొమ్మను అక్కడి ప్రదర్శనకు తీసుకుపోతాడట. మునిరత్నం ఏళ్ల తరబడి కన్న కల అది.

"అప్పా, ఆయప్పను పిల్చుకొని రావల్ల. రైలుకాడికి పోతాండా, నువ్వు ఈడ కాపలా కూర్చో" అన్నాడు.

"మరి నా పేపర్లు?"

"ఈడే దిద్దుకో. ఒక పేపరు దిద్దు, ఒక బొమ్మ చూడు. తలకాయ చల్లగైతాది."

పోయే ముందు గోడంత తెల్లకాగితం చూపించాడు. ఒక మూలన చిన్న నల్లచుక్క, అంతే.

"ఇదేందప్పా?"

"మా నాయన షిఫ్టు ముగిసి గనిలోంచి పైకొస్తే, కండ్లకు మొదట ఇట్లే అంతా తెల్లగా కనబడేదంట. ఇది ఇంగ నా ప్రాణం."

పేపరు, బొమ్మ, పేపరు, బొమ్మ. మొదట్లో స్వర్గంలా ఉంది. తర్వాత ఒక మహానుభావుడి పేపరొచ్చింది. పేరు తప్ప ఒక్క ముక్క రాయలేదు! గీత, సంతకం. పేజీ తిప్పు. గీత, సంతకం. కళ్లు మూతలు పడుతున్నాయి, చెయ్యి మాత్రం గానుగెద్దులా తిరుగుతోంది. ఇక బొమ్మ వంతని లేచాను. ఎదురుగా ఇంత పెద్ద ఖాళీ! చేతిలో పెన్ను ఉన్న సంగతి నాకెవరు చెప్పాలండీ? మూల నుంచి మూలకు సర్రున గీత. కింద సంతకం, ఆ దరిద్రం కూడా పెట్టాను.

తెలివొచ్చి చూస్తే గుమ్మంలో మునిరత్నం, పక్కన పెద్దాయన.

"ఏం చేసినావప్పా!" అంటూ మునిరత్నం గోడకానుకుని కూలబడ్డాడు.

పెద్దాయన కళ్లద్దాలు సర్దుకున్నాడు. "తెలుపును ఎట్ల చీల్చినాడు సూడు! ఈ గీతలో ఎంత నిరాశ! నేను దీన్నే తీసుకొని పోతాను."

నిరాశ నిజమే, కట్టలో ఇంకా సగం మిగిలింది. ఆయన వంగి సంతకం చదివి, "ఎవరిది?" అన్నాడు.

"నాదే సార్. కానీ బొమ్మ ఇతనిది. గీత ఒక్కటే నాది."

"గీతే గదప్పా బొమ్మంతా! అది లేకుంటే ఏముండాది? ఉత్త తెల్లకాగితం."

మునిరత్నం తలెత్తి నా వంక చూశాడు. "విన్నావా సార్? మా నాయన ఉత్త కాగితమంట."

నన్ను అతను సార్ అనడం అదే మొదలు. ఇవాళ్టికీ మళ్లీ అప్పా అని పిలవలేదు.

కనుక సమస్త కళాభిమానుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై బొమ్మలు చూడబోతే జేబులో పెన్సిలు ముక్కైనా ఉంచను. చేతులు రెండూ వెనక్కి కట్టేసుకుని, మనసులోనే దండం పెట్టి వచ్చేస్తాను.