టంగుమామ పంగలకర్ర

జామతోటకు ముప్ఫై ఏళ్లు కాపలా ఉన్నా ఆయన ఒక్క చిలకనూ కొట్టి ఎరగడు. తోట మధ్యలో వేలాడే రేకునే కొట్టేవాడు. రబ్బరు చెవిదాకా లాగి వదిలితే టంగుమనేది, చిలకలన్నీ లేచిపోయేవి. అందుకే అందరికీ ఆయన టంగుమామ.

"ఆకలికి వచ్చిన పిట్టని చంపడం దేనికి? భయపెడితే చాలదూ?" అనేవాడు.

"నన్ను మాత్రం భయపెట్టలేకపోయారు పాపం" అని భార్య ఏడిపించేది.

ఆయన పోయి నెల తిరిగింది. తోట యజమాని మంచివాడే. "ఆదివారం వచ్చి చూస్తానమ్మా. చిలకల్ని ఆపగలిగితే కాపలా నీదే, నువ్వుంటున్న ఈ గదీ నీదే. లేకపోతే ఇంకొకర్ని పెట్టుకోవాలి, కాయ దక్కాలి కదా" అని చెప్పి వెళ్లాడు.

శనివారం పొద్దున ఆమె ఆయన పంగలకర్ర పట్టుకుని పది రాళ్లు విసిరింది. పదీ రేకుకు ఎడమపక్కనే పోయాయి.

తోడుగా ఉండటానికి వచ్చిన ఆడపడుచు గట్టు మీద కూర్చుని నవ్వింది. "పక్కతోటకి కాపలా కాస్తున్నట్టున్నావు వదినా!"

"నీ నోట్లో ఒకటి వేస్తా, అప్పుడు తెలుస్తుంది నా గురి."

"వెయ్యి. అదీ ఎడమకే పోతుందిలే."

ఉక్రోషంగా ఆమె ఒక దారప్పోగు తెచ్చి రబ్బర్లు కొలిచింది. ఎడమ పంగకు కట్టినది వేలి మందం పొట్టి. పొట్టిది బిగువెక్కువ, రాయిని తనవైపే లాక్కుంటోంది.

"మీ అన్నయ్య కొలత తప్పాడే!" అంది నమ్మలేక. గోడకు మేకు కొట్టాలన్నా మూడుసార్లు కొలిచే మనిషాయె.

"తప్పలేదు వదినా. చిన్నప్పుడు గోడ మీంచి పడి మణికట్టు విరిగింది కదా, వంకరగా అతుక్కుంది. కర్ర పట్టుకుంటే చెయ్యి కుడికి తిరిగిపోయేది. దానికి సరిపడా కట్టుకున్నాడు."

ఇన్నేళ్లు ఆ చేతికి వడ్డించి కూడా ఆమెకు ఇది తోచలేదు. మణికట్టు ఆయనలాగే వంచి లాగి వదిలింది. టంగుమంది. కళ్లు చెమ్మగిల్లుతుండగానే మళ్లీ వేసింది. మళ్లీ టంగుమంది. నాలుగో రాయికి చెయ్యి తిమ్మిరెక్కిపోయింది. రోజంతా అలా పట్టడం ఆమె వల్ల కాదు.

"ముడి విప్పి రెండూ సమానంగా కట్టు వదినా."

"ఆయన వేసిన ముడే అది."

"గదే పోతే ఆ ముడిని ఎక్కడ దాచుకుంటావు?"

ఆమె కర్రను అటూ ఇటూ తిప్పి చూసింది. పొట్టిదాన్ని ఎటూ పొడుగు చెయ్యడం కుదరదు. పొట్టి చెయ్యాల్సింది పొడుగుదాన్నే. అంటే విప్పాల్సింది కుడి ముడి ఒక్కటే. అది గోటికి లొంగకపోతే పళ్లతో పట్టి లాగింది. రబ్బరును వేలి మందం పైకి జరిపి, గాడిలో దారం చుట్టి బిగించింది. ఎడమ ముడి జోలికి పోలేదు.

ఆదివారం గేటు దగ్గరే యజమాని ఆగిపోయాడు. లోపల టంగుమంది, చిలకలు చెట్ల మీంచి పచ్చగా లేచాయి.

"అచ్చం ఆయన దెబ్బలాగే ఉందమ్మా!"

"సగం ఆయనదేనండీ" అంది ఆమె.

యజమానికి అర్థం కాలేదు. గది తాళంచెవి ఆమె దగ్గరే ఉండనిచ్చి, కాయలు చూసుకుంటూ లోపలికి నడిచాడు.