నూకరత్నం తయారై వచ్చిన బుధవారాలు

1998లో కాకినాడలో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే కౌన్సెలింగ్ కేంద్రంలో ట్రైనీగా చేరాను. సైకాలజీలో ఎమ్మే అయిపోయింది, ఏడాది డిప్లొమా నడుస్తోంది. పిఠాపురం నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని. కేంద్రం అంటే మందుల షాపు మీద రెండు గదులు. మా గదిలో ఎదురెదురుగా రెండు కుర్చీలు, మూలన ఒక కుర్చీ. అప్పుడప్పుడు మా సూపర్‌వైజర్ సుగుణ మేడం వచ్చి ఆ మూల కుర్చీలో కూర్చునేవారు. ట్రైనీ ఎలా మాట్లాడుతోందో చూడటం ఆవిడ పని. దాన్ని అబ్జర్వేషన్ అనేవాళ్లం.

నాకు వచ్చిన మూడో కేసు నూకరత్నం. నలభై ఏళ్లుంటాయి. తెల్లవారుజామున హార్బర్లో చేపలు వేలంలో పాడుకుని, గంపకెత్తుకుని, బస్సులో పిఠాపురం తీసుకెళ్లి అమ్మేది. నాలుగు నెలలుగా గంప ఎత్తుకుని బయల్దేరితే చాలు, గుండె దడ, చెమటలు, ఊపిరాడకపోవడం. పెద్దాసుపత్రిలో ఈసీజీ తీశారు. గుండెలో ఏమీ లేదని, మనసుకు సంబంధించిందేమో చూడమని మా దగ్గరకు పంపారు. ఈలోగా ఆమె పిఠాపురం వెళ్లడం మానేసింది. తమ పేటలోనే కూర్చుని అమ్ముతోంది. అందరి ఇళ్లలోనూ చేపలుండే పేటలో కొనేదెవరు? పదో తరగతి చదివే కూతురిని మధ్యలో బడి మాన్పించేలా ఉన్నామని మొదటి రోజు వివరాలు రాయిస్తూ చెప్పింది.

ఆ మొదటి బుధవారం ఆమె హార్బర్ నుంచి నేరుగా వచ్చింది. చీర కుచ్చిళ్లు తడిగా ఉన్నాయి. చేతుల మీద పొలుసులు అంటుకుని ఉన్నాయి. అరగంట మాట్లాడాం. మాట్లాడాం అంటే, నేను అడిగాను, ఆమె "ఆయ్" అంది. దడ ఎప్పుడు మొదలైందంటే గుర్తు లేదంది. ఏం జరిగిందంటే ఏం జరగలేదంది.

రెండో బుధవారం తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. మొహానికి పౌడరు కూడా రాసుకుంది. మూడో వారమూ అంతే. నాకు చాలా సంతోషం వేసింది. ప్రతి సెషన్ తర్వాత మేం రాసే రిపోర్టులో గ్రూమింగ్ అని ఒక శీర్షిక ఉండేది. మనిషి తన బట్టలు, జుట్టు, శుభ్రత ఎంతవరకు పట్టించుకుంటున్నారో అందులో రాయాలి. మనసు బాగోలేని వాళ్లు తమను తాము వదిలేసుకుంటారు, కోలుకుంటుంటే మళ్లీ పట్టించుకుంటారు అని మాకు పాఠం. ఆ శీర్షిక కింద నేను, "గ్రూమింగ్ బాగా మెరుగుపడింది, కౌన్సెలింగ్ ఫలితం కనిపిస్తోంది" అని రాశాను. మాటల్లో మాత్రం ఆమె ఇంకా తెరుచుకోలేదని, భర్త తాగి కొడుతుండవచ్చని, భయం వల్ల చెప్పడం లేదని కూడా రాశాను. ఆ భర్త వలలు బాగుచేసే మనిషి. ఆమెను సైకిల్ మీద ఎక్కించుకుని తీసుకొచ్చి, సెషన్ అయ్యేదాకా కింద షాపు అరుగు మీద కూర్చునేవాడు. కాపలా కాస్తున్నాడని అనుకున్నాను.

రిపోర్టు చదివిన సుగుణ మేడం నాలుగో వారం అబ్జర్వేషన్‌కి వచ్చారు. సెషన్ అంతా ఒక్క మాట మాట్లాడలేదు. నూకరత్నం వెళ్లిపోయాక నన్ను ఆమె కుర్చీలో కూర్చోమని, తాను నా కుర్చీలో కూర్చున్నారు. నీ పేరేంటమ్మా, ఎక్కడుంటావు, ఏం పని చేస్తావు అని మామూలుగా అడగడం మొదలుపెట్టారు. నేను జవాబు చెప్పబోతుండగా ఆవిడ కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నారు. పమిట చెంగు తీసి, సర్దుకుంటున్నట్టుగా ముక్కు కింద ఆనించి పట్టుకున్నారు. అలాగే పట్టుకుని, నవ్వుతూ, "చెప్పమ్మా, నేను వింటున్నాను" అన్నారు.

సెషన్లో నేను కూర్చున్నది అలాగే. జలుబుగా ఉందండి, అందుకని పట్టుకుని ఉంటాను అన్నాను.

"ఈవేళ ఆవిడ దగ్గర ఏ వాసనా లేదు పద్మా, పువ్వుల వాసన తప్ప. అయినా పట్టుకున్నావు. ఆవిడ ఎందుకు తయారై వస్తోందనుకుంటున్నావు?"

అప్పుడు అర్థమైంది. మొదటి రోజు నేను ముక్కు మూసుకోవడం ఆమె చూసింది. మరుసటి వారం నుంచి బుధవారం వ్యాపారం మానుకుని, ఇంటి దగ్గర ఒళ్లు తోముకుని, నా కోసం శుభ్రపడి వచ్చింది. నేను దాన్ని నా ప్రతిభ కింద రాసుకున్నాను. మాది చేపల పులుసు ఇష్టంగా తినే ఇల్లు. పెరటి గుమ్మం దగ్గర గంప దించిన మనిషితో మా అమ్మ నాలుగడుగుల దూరం నుంచి మాట్లాడేది. డబ్బులు చేతికివ్వకుండా గట్టు మీద పెట్టేది. నేను అది చూస్తూ పెరిగాను. నాకు అలాంటి పట్టింపులు లేవని క్లాసులో నిలబడి చెప్పిన రోజు కూడా ఉంది. అబద్ధం చెప్పలేదు, నిజంగానే అలా అనుకున్నాను.

మరుసటి బుధవారం క్షమాపణ చెప్పాను. సరిగ్గా చెప్పడం కూడా రాలేదు. మాట మధ్యలో ఏడుపొచ్చేసింది. నూకరత్నం కుర్చీలోంచి లేచి నా భుజం మీద చెయ్యి వెయ్యబోయి, మధ్యలో ఆపి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఊరుకోండమ్మగారు. అలవాటు లేనోళ్లకి అంతేనండి. నాకేం అనిపించలేదండి" అంది.

మిగిలిన సమయమంతా ఆమె నన్ను ఓదార్చడంతోనే అయిపోయింది. నా సిగ్గు తీర్చుకోవడానికి కూడా ఆమెనే వాడుకున్నాను. ఈ మాట సుగుణ మేడం అనలేదు. రిపోర్టు రాస్తుంటే నాకే తెలిసింది.

రెండు వారాలు ఆమె రాలేదు. వచ్చిన రోజున సుగుణ మేడం తలుపు దగ్గరే, ఎవరితో మాట్లాడాలనుందో నీ ఇష్టమమ్మా అని ఆమెనే అడిగారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

నూకరత్నం నా వైపు చూడకుండా, "ఈయమ్మగారిని ఏమీ అనకండి. మంచిదేనండి. కానీ మీతోనే మాట్లాడతానండి" అంది.

ఆమె ఒప్పుకున్నాక, నేను మూల కుర్చీలో కూర్చున్నాను. సుగుణ మేడం పెద్దగా ఏమీ అడగలేదు. ఈవేళ ఏ చేపలు పడ్డాయని అడిగారు. కానాగంతలండి, అంది. వాటి ధర గురించి, కోసే పద్ధతి గురించి మాట్లాడుకుంటూ పోయారు. పావుగంట గడిచాక నూకరత్నం తనంతట తానే చెప్పింది.

"బస్సులో ఒకాయన ముక్కుకి రుమాలు పెట్టుకుని కండక్టర్ని పిలిచాడండి. దీన్ని దింపుతావా, నన్ను దిగమంటావా అన్నాడు. అందరూ నాకేసి చూశారండి. ఒక్కళ్లూ మాటాడలేదు. మధ్యదారిలో దింపేశారు. గంపెత్తుకుని పిఠాపురం దాకా నడిచానండి. అప్పట్నించే ఈ దడ."

ఇంటాయనకు ఈ సంగతి చెప్పలేదట. చెబితే ఆయన ఆ బస్సు కోసం వెతికి గొడవ పెట్టుకుంటాడని భయం. నేను కాపలా కాస్తున్నాడనుకున్న మనిషి, దారిలో ఆమెకు దడ వస్తే పట్టుకోవడానికి వచ్చేవాడు.

చెబుతున్నంతసేపూ ఆమె మూలకు ఒక్కసారి కూడా చూడలేదు. చూసి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో. నాలుగు వారాలు ఆ రుమాలు మనిషి ఎదురుగానే ఆమెను కూర్చోబెట్టి, ఏం జరిగిందో చెప్పు, ఏం జరిగిందో చెప్పు అని అడిగాను.

ఆ తర్వాత పని నెమ్మదిగా సాగింది. మొదట ఖాళీ గంపతో బస్టాండు దాకా. తర్వాత ఒక స్టాపు. తర్వాత తోటి అమ్మకందారుతో కలిసి రెండు స్టాపులు. భయపడే పనిని ఇలా చిన్న చిన్న మెట్లుగా చేయించడాన్ని మా భాషలో గ్రేడెడ్ ఎక్స్‌పోజర్ అంటాం. మేడం భర్తను కూడా పైకి పిలిచి, ఆమె సమ్మతితో సంగతి చెప్పించారు. ఆయన గొడవకు వెళ్లలేదు. రెండు నెలలకు నూకరత్నం నిండు గంపతో పిఠాపురం వెళ్లి వచ్చింది. కూతురు బడి మానలేదు. అందులో నా చెయ్యి ఏమీ లేదు.

డిప్లొమా అయ్యాక ఒకరోజు ఇంటికి వెళ్తున్నాను. కాకినాడ దాటాక ఒక స్టాపులో నూకరత్నం గంపతో ఎక్కింది. నా పక్క సీటు ఖాళీగా ఉంది. ఆమె నన్ను చూసింది, నవ్వింది. రండి కూర్చోండి, అన్నాను.

"పర్లేదండమ్మగారు, గాలికి ఇక్కడ బాగుందండి" అని తలుపు దగ్గరే నిలబడింది.

ఆ రోజు నన్ను నేను ఎంతో జాగ్రత్తగా గమనించుకున్నాను. మొహం ముడుచుకోలేదు, చేతులు ఒళ్లోనే ఉన్నాయి. ఎంత మారానో కదా అని మనసులో ఒక తృప్తి కూడా కలిగింది. ఆ తృప్తిలో ఉండగానే పిఠాపురం వచ్చింది. ముప్పావుగంట ఆమె నిలబడే ప్రయాణం చేసిందని, నేను లేచి ఆమె దగ్గరకు వెళ్లి రెండు మాటలు మాట్లాడి ఉండవచ్చని అప్పటిదాకా తోచలేదు. ఆమె దిగి, గంప తలకెత్తుకుని వెళ్లిపోయింది.

ఇప్పుడు నేనే ట్రైనీలకు పాఠం చెబుతున్నాను. మీ చేతులు, మీ కుర్చీ, మీ మొహం ఏం చేస్తున్నాయో చూసుకోండి అని చెబుతాను. అది నేర్చుకోవడానికి కొన్నేళ్లు పడుతుంది. అది వచ్చాక, ఇక దాన్ని పక్కన పెట్టి ఎదుటి మనిషిని చూడటం నేర్చుకోవాలని కూడా చెబుతాను. ఆ రెండోది నాకు ఎంతవరకు వచ్చిందని అడిగితే ఇప్పటికీ ధైర్యంగా జవాబు చెప్పలేను.