డాక్టరుకు చెప్పని చుట్ట

బూర్గంపాడు సెంటర్లో ఉన్న మా టీ హోటల్లోకి ముందు నా పొట్ట వచ్చేది, కాసేపటికి నేను వచ్చేవాణ్ని. "వెంకన్నా, నీ పొట్ట మీద గ్లాసు పెట్టుకొని తాగొచ్చు" అనేవాళ్లు గిరాకీలు. "పెట్టుకో గని, నేను నవ్వితే ఒలుకుద్ది" అనేవాణ్ని. అప్పుడు నా బరువు నూట పన్నెండు కిలోలు. బీపీ పెరిగిందని డాక్టర్ భయపెడితే, రెండేళ్లు నడిచి, అన్నం తగ్గించి ముప్పై అయిదు కిలోలు దించాను. మనిషి తగ్గాడు గాని చర్మం తగ్గలేదు. ఖాళీ సంచిలా తొడల మీదికి వేలాడేది. మడతలో చెమట చేరి పుండ్లు పడేవి.

ఒకరోజు పొద్దున పాలక్యాను ఎత్తుతుంటే బొడ్డు పైన ఏదో జారినట్టయింది. చెయ్యి పెడితే నిమ్మకాయంత ఉబ్బు. నొక్కితే లోపలికి పోయింది, దగ్గితే బయటికి వచ్చింది. "చూడు, దాగుడుమూతలాడుతుంది" అని నా భార్య సుగుణకు చూపించాను. ఆమె నవ్వలేదు. మర్నాడే ఖమ్మం బస్సెక్కించింది.

స్కానింగ్ చూసి అక్కడి డాక్టర్ అన్నాడు: "హెర్నియా. లోపల మెష్, అంటే సన్నని వల, వేసి కుట్టాలి. ఆ వేలాడే చర్మం కూడా తీసేద్దాం. అబ్డామినోప్లాస్టీ అంటారు. టమ్మీ టక్." ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా కోత ఉంటుందని, బొడ్డును కొత్త చోట కుడతారని, లోపలి నీరు బయటికి పోవడానికి రెండు డ్రెయిన్ పైపులు వేలాడుతుంటాయని, పది రోజులు వంగే నడవాలని, ఆరు వారాలు బెల్టు విప్పకూడదని చెప్పాడు. అన్నీ అలాగే జరిగాయి. చెప్పనిది ఒక్కటే జరిగింది, అది కూడా నేను చెప్పకపోవడం వల్ల.

"సిగరెట్ తాగుతావా?"

"ఆ వాసనే పడదు సార్."

"బీడీ, చుట్ట, ఏదైనా సరే. పొగాకు వల్ల చర్మానికి రక్తం అందదు. నెల ముందే మానాలి. అలవాటుంటే చెప్పు, ఆపరేషన్ వెనక్కి జరుపుదాం."

"ఏదీ లేదు సార్."

చుట్టలు బయట బెంచీ మీద, సుగుణ సంచిలో ఉన్నాయి. గోదావరి ఒడ్డు చేలల్లో పండిన ఆకు. పద్దెనిమిదో ఏటి నుంచి పొద్దున్నే ఒక చుట్ట కాల్చనిదే నాకు కడుపు కదలదు. మా వైపు చాలామందికి అంతే. దాన్ని అలవాటు అనుకోం, మందు అనుకుంటాం. పైగా ఆపరేషన్ వెనక్కి జరిగితే మళ్లీ ధైర్యం రాదని నా భయం. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ని, అంత పెద్ద డాక్టర్‌ను బోల్తా కొట్టించానని లోలోపల మురిసిపోయాను కూడా.

ఆపరేషనయిన మూడో రోజుకూ మోషన్ రాలేదు. ముక్కితే కుట్లు తెగుతాయని నర్సు హెచ్చరించింది. సుగుణను బతిమాలాను.

"ఒక్కటియ్యి. పొగ పోతేనే కడుపు కదుల్తది."

"డాక్టర్ వద్దన్నడు గద."

"ఆయనకు నా కడుపు సంగతి ఏం ఎరుక? కోసి చూసిండు, గంతే."

బాత్రూమ్‌లో కాల్చాను. మోషన్ వచ్చింది. గెలిచాననుకొని మర్నాడూ కాల్చాను, ఆ మర్నాడూ కాల్చాను.

ఆరో రోజు డ్రెస్సింగ్ విప్పుతున్న నర్సు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయింది. బొడ్డు కింద అరచేయంత మేర చర్మం ఊదారంగుకు తిరిగింది. రెండు రోజుల్లో నల్లబడింది. జ్వరం, వణుకు, వాసన. నా వాసనకు నేనే ముఖం తిప్పుకునేవాణ్ని. పక్క బెడ్డు వాళ్లు కర్టెన్ లాక్కున్నారు.

"నెక్రోసిస్. చర్మం చచ్చిపోయింది" అన్నాడు డాక్టర్. "ఇన్‌ఫెక్షన్ మెష్ దాకా పోతే ప్రాణం మీదికొస్తుంది. ఇప్పుడన్నా నిజం చెప్పు. ఏం తాగుతున్నావ్?"

జోకు కోసం వెతుక్కున్నాను. దొరకలేదు. సుగుణే చెప్పింది. "చుట్ట సార్. నేనే ఇచ్చిన."

"ముందే చెప్తే ఒక నెల ఆగేవాళ్లం, అంతే" అన్నాడాయన. తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది.

చచ్చిన చర్మం కోసి తీసేశారు. దాన్ని డిబ్రైడ్‌మెంట్ అంటారు. ఆ గుంట రోజూ కడిగి, అందులో పెట్టే గాజ్ గుడ్డ మార్చాలి. పాత గాజ్ ఊడదీసేటప్పుడు దిండు కొరికేవాణ్ని. జ్వరం తగ్గాక, ఇంట్లో ఎలా కడగాలో సుగుణకు నేర్పించి పంపారు. "చేతులకు ఏమీ ఉండొద్దమ్మా, గాజులు తియ్యాలి" అంది నర్సు. మొగుడు బతికుండగా గాజులు తియ్యడమంటే మా ఇళ్లల్లో ఏమిటో ఆ నర్సుకూ తెలుసు, అందుకే నేల చూస్తూ చెప్పింది. సుగుణ ఒక్కొక్కటే తీసి నా దిండు పక్కన పెట్టింది. ఆ రోజు మొదటిసారి నేను చచ్చిపోతానేమో అనుకున్నాను.

నలభై రోజులు ఆమె కడిగింది. గుంటలో కొత్త కండ పట్టి ఎర్రబడ్డాక తొడ చర్మం తీసి అతికించారు. మూడు నెలలకు నిటారుగా నిలబడ్డాను.

ఇప్పుడు హోటల్ నడుస్తోంది. పాలక్యాను ఎత్తను, చుట్ట ముట్టను. పొద్దున గోరువెచ్చని నీళ్లు తాగి కాసేపు నడిస్తే కడుపు కదులుతోంది. ఇది ముందే చేసి చూడొచ్చని నాకు తట్టలేదు. ఈ ఆపరేషన్‌కు పోయేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: మీరు పొద్దున లేచినప్పటి నుంచి నోట్లో ఏమేం పెట్టుకుంటారో, అది మందే అనిపించినా సరే, డాక్టర్‌కు చెప్పండి. ఆపరేషన్ వెనక్కి జరిగితే జరగనివ్వండి.

కుట్ల చుట్టూ స్పర్శ ఇంకా రాలేదు, ఇక రాకపోవచ్చన్నారు. మొన్న గిరాకీల ముందు చొక్కా ఎత్తి, బొడ్డు కింద గట్టిగా గిల్లుకొని చూపించాను. "సూది గుచ్చినా నాకేం తెల్వదు" అన్నాను.

గ్లాసులు కడుగుతున్న సుగుణ తలెత్తకుండానే అంది.

"అవ్, నీకు తెల్వదు. నలభై దినాలు కడిగినదాన్ని, నాకు తెలుస్తది."